ఇంటికొక టార్చి

చేతిలో టార్చిలైటు పట్టుకుని తాళాల తాత సినిమాహాలు మెట్లెక్కాడు. వెనకే కోడలు. పోయిన వారం వాళ్ళను ఆ మెట్లమీదే వదిలిపెట్టాం.

కొత్తగా చదివేవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఆ ఇంట్లో రెండు రహస్యాలున్నాయి. తాత కొడుకు మూడేళ్ళుగా జైల్లో ఉన్నాడు. పద్నాలుగేళ్ళ మనవరాలికి మాత్రం నాన్న ఓడలో పనిచేస్తున్నాడని చెప్పారు. చెప్పింది తాత. కోడలి నోట అదే మాట పలికించిందీ తాతే. ఇది మొదటిది.

రెండోది పాత ఊళ్ళో జరిగింది. నగల కొట్టు ఇనప్పెట్టెను ఎవరో గీతైనా పడకుండా తెరిచి దోచుకుపోతే, చూసిపెట్టమని ఇన్‌స్పెక్టరు తాతనే పిలిపించాడు. తాళం రంధ్రంలో నూనె చుక్క మెరుస్తోంది. తెరిచిన తాళానికి నూనె వెయ్యకుండా వదలకూడదన్నది ఆ ఇంటి పద్ధతి. తాత తన తండ్రి దగ్గర నేర్చుకుని కొడుక్కి నేర్పాడు. కొడుకు దొంగతనంలో కూడా ఆ పద్ధతి తప్పలేదు. తాత చెయ్యి తుడుచుకుని, "ఇది మా ఇంటి చెయ్యి" అన్నాడు. కొడుకు అడిగీ అడగ్గానే ఒప్పుకున్నాడు. పట్టించిందెవరన్న ప్రశ్న కోర్టులో రాలేదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. తాత పట్టుకున్నాడు. ఆ వారమే ఊరు మారిపోయారు. ఈ సంగతి తనకూ ఇన్‌స్పెక్టరుకూ తప్ప మూడో మనిషికి తెలియదని తాత నమ్మకం.

ఇప్పుడు ఈ కొత్త ఊరి బడిలో పెద్ద తరగతుల పిల్లలకు ఒక జైలు సినిమా చూపిస్తారట. మనవరాలు పేరిచ్చి వచ్చింది.

పిల్లలకంటే ముందు పెద్దవాళ్ళు చూడాలన్నది పెద్ద టీచరమ్మ పెట్టిన నియమం. ఇంటికొక టార్చి. హాల్లో దీపాలు ఆర్పుతారు. ఈ ముక్క మా పిల్లలు చూడకూడదు అనిపించిన క్షణాన టార్చి వెలిగించి పైకప్పు మీద వెయ్యాలి. నోరెత్తకూడదు. మిషను నడిపే మనిషి ఆ చోటు గుర్తుపెట్టుకుంటాడు. బొమ్మ అయిపోయాక ఆ చోట్లు మళ్ళీ వేస్తారు. వెలిగించినవాళ్ళు లేచి ఎందుకో చెప్పాలి. చెప్పలేకపోతే ఆ వెలుగు లెక్కలోకి రాదు.

టార్చి ఎవరు పట్టుకోవాలని ఆ ఇంట్లో చర్చ జరగలేదు. ఇంటికి పెద్ద తాత. పట్టుకున్నాడు. కోడలు అడగలేదు, అడిగినా ఇచ్చేవాడు కాదు. ఆమె తెల్లవారుజాము నుంచి రొట్టెల బట్టీ దగ్గర నిలబడి, మోచేతుల పిండి సరిగా కడుక్కోకుండానే వచ్చింది. వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

ముందు వరసలో మందుల షాపాయన ఉన్నాడు. ఆయన టార్చి దొంగల్ని తరమడానికి తెచ్చినంత ఉంది.

బొమ్మ మొదలైంది. పద్దెనిమిదేళ్ళ కుర్రవాణ్ణి జైల్లోకి తోశారు. అరగంట తిరక్కముందే నీళ్ళ తొట్టి దగ్గర నలుగురు వాడిమీద పడ్డారు. పైకప్పు మీద ఒక్కసారిగా వెలుగులు లేచాయి. తర్వాత చెంచాను నేలమీద అరగదీసి కత్తి చేసేవాడొచ్చాడు. మళ్ళీ వెలుగులు. చీకటిగదిలో కుర్రవాడు తలను గోడకేసి కొట్టుకున్నాడు. ఇంకా ఎక్కువ వెలుగులు. మందుల షాపాయనైతే వెలిగించిన టార్చి ఆర్పడం మానేశాడు. తెర వెలవెలబోతోందని వెనకనుంచి ఎవరో గొణిగారు.

తాత టార్చి చల్లగా ఉంది. ఆయనకి ఇదంతా నవ్వులాటగా ఉంది. కొట్టుకోవడం పిల్లలకు కొత్తా? బడి వెనక సందులో రోజూ చూస్తున్నదే. తెరమీది ఆ జైలుగది తలుపుకు వేసిన తాళమైతే పిల్లి తోసినా ఊడొస్తుంది. చెంచా కత్తి వచ్చినప్పుడు కోడలు టార్చి కోసం చెయ్యి చాపింది. తాత ఇవ్వలేదు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

అప్పుడొచ్చింది ములాఖత్ గది. దెబ్బ లేదు, నెత్తురు లేదు. ఇనప జల్లెడకు ఆ పక్క ఒక నడివయసు ఖైదీ. ఈ పక్క అతని ముసలి తండ్రి, చంకలో మనవడు. ఇది మీ నాన్న పనిచేసే ఆఫీసు, ఈ జల్లెడ దోమలు రాకుండా పెట్టారు అని ముసలివాడు మనవడితో చెబుతున్నాడు. ఖైదీ నవ్వి, అవును, దోమలు ఎక్కువ అన్నాడు. హాల్లో చీరకొంగులు కళ్ళమీదికి వెళ్ళాయి. మందుల షాపాయన కూడా ఆ ఒక్కచోట టార్చి ఆర్పి ముక్కు చీదుకున్నాడు.

పైకప్పు మీద ఒక్కటే వెలుగు. గుండ్రంగా, కదలకుండా.

అది తనదేనని తెలియడానికి తాతకు కొంచెం సేపు పట్టింది. తలలు వెనక్కి తిరిగాయి. అప్పుడైనా ఆర్పొచ్చు. వెలిగించినదాన్ని జనం చూశారని ఆర్పడం ఆయన వల్ల కాలేదు. ముసలివాడు మనవణ్ణి ఎత్తుకుని గది దాటేదాకా అలాగే పట్టుకున్నాడు. కోడలు తెరను వదిలి ఆయన్నే చూస్తోంది.

బొమ్మ అయింది. దీపాలు వేశారు. పెద్ద టీచరమ్మ ముందుకొచ్చి నిలబడింది. సన్నటి మనిషి. గొంతు ఎప్పుడూ పెంచదు. పెంచే అవసరమూ రాదు. ఒక్కొక్క చోటే వేయించి, ఒక్కొక్కరినే లేపింది.

దెబ్బలు చూస్తే పిల్లలు దెబ్బలు నేర్చుకుంటారని మందుల షాపాయన చాలాసేపు మాట్లాడాడు. తన కొడుకు మెతక అన్నాడు. కొడుకు మెతకదనం గురించి హాల్లో ఇద్దరు ముగ్గురు తల్లులకు వేరే అభిప్రాయం ఉన్నట్టు వాళ్ళ మూతులు చెప్పాయి. టీచరమ్మ విని, ఆ తొట్టి దగ్గర ముక్కను మళ్ళీ వేయించింది. కొట్టేవాడి ముఖం చూపించారా, దెబ్బలు తినేవాడి ముఖం చూపించారా, చూడండి అంది. అందరూ చూశారు. మొదటి దెబ్బ దగ్గరనుంచి చివరిదాకా తెరమీద కుర్రవాడి ముఖమే ఉంది. కొట్టేవాడు మగాడిలా కనిపించే సినిమా అయితే తానే ముందు టార్చి వేసేదాన్ననీ, ఇందులో ఎవడికీ వాడిలా ఉండాలనిపించదనీ అంది. చెంచా కత్తి సంగతి అలా కాదు. అది ఎలా చెయ్యాలో పూసగుచ్చినట్టు చూపించారు, అక్కడ ఒక ముక్క తీసేద్దాం అంది. చీకటిగది గురించి ఒక తల్లి లేచి, తన కూతురు తలుపు మూస్తేనే వణికిపోతుందని చెప్పింది. అయితే మీ అమ్మాయి ఈసారి చూడదు, అందులో తప్పేమీ లేదు, అందరి పిల్లలకూ ఒకే కొలత చొక్కా కుట్టించం కదా అంది టీచరమ్మ. ఆ తల్లి ఊపిరి పీల్చుకుని కూర్చుంది.

అలా అలా ములాఖత్ గది వచ్చింది.

"ఇక్కడ ఒక్కటే టార్చి," అంది టీచరమ్మ. "తాతగారూ, చెప్పండి."

తాత లేచాడు. ఆయన మాట కోసం వెతుక్కునే మనిషి కాదు. ఈసారి వెతుక్కున్నాడు. నిజం చెబితే మొదటి రహస్యం పోతుంది. మొదటిది పోతే మనవరాలు రెండోదాని వైపు నడుస్తుంది. మీ నాన్నను పట్టించిన చెయ్యి ఇదేనని ఆ పిల్లకు తెలిసిన రోజు, ఆ పిల్ల ఈ చెయ్యి పట్టుకోదు. ఆయన భయం అంతా అదొక్కటే. భార్య పోయాక ఆయన చెయ్యి పట్టుకున్న మనిషి ఆ పిల్ల తప్ప ఇంకెవరూ లేరు.

"వేలు జారింది," అన్నాడు.

మందుల షాపాయన నవ్వాడు. "తాళాలు తీసే వేలు జారుతుందా తాతా? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది."

హాలు మొత్తం నవ్వింది. అందులో విషం లేదు. ఉత్త వేళాకోళం. అలా నవ్వి ఊరుకునేవాళ్ళే.

కోడలు లేచింది.

"జారలేదు," అంది. "అది మా ఇంటి టార్చి. మామయ్య చెప్పకపోతే నేను చెబుతాను."

తాత ఆమెవైపు చూసిన చూపుకు ఇంకొకరైతే కూర్చునేవాళ్ళు. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని ఆయన ఎన్నిసార్లు చెప్పాడో. మూడేళ్ళుగా ఆమె ఆ మాట దాటలేదు. మామగారి మాటకు ఎదురు చెప్పడం ఆమెకు రాదని ఆయన అనుకునేవాడు. రాకపోవడం వేరు, చెప్పకపోవడం వేరు.

"మా ఆయన ఓడలో లేడు," అంది కోడలు. "జైల్లో ఉన్నాడు. దొంగతనం చేశాడు. తప్పు ఒప్పుకున్నాడు, శిక్ష పడింది, అనుభవిస్తున్నాడు. మా అమ్మాయికి ఓడ అని చెప్పాం. ఆ సినిమాలో ముసలాయన దోమల జల్లెడ అని చెప్పాడే, అలాగే. మీకందరికీ ఏడుపొచ్చింది. ఎంత ప్రేమో అనుకున్నారు. నాకు భయమేసింది. పిల్లలు అది చూసి, పెద్దవాళ్ళు ప్రేమగా చెప్పేవన్నీ అబద్ధాలే కాబోలు అనుకుంటే? కొట్టుకోవడం చూసి పాడైపోరు టీచరమ్మా. ఇది చూసి ఇంటికొచ్చాక మనల్ని నమ్మరు. మామయ్య అందుకే టార్చి వేశారు. ఆయనకు తెలుసు."

చెప్పి చేతులు వెనక్కి కట్టుకుంది. తాత పక్కనే ఉన్నాడు కాబట్టి ఆ వేళ్ళు ఒకదాన్నొకటి ఎలా నలుపుకుంటున్నాయో చూశాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ ఊళ్ళో సగం తలుపులకు తాత బిగించిన తాళాలే ఉన్నాయి. ఆ లెక్క అందరికంటే ముందు మందుల షాపాయనకు తట్టింది.

"అంటే మా షాపు తాళం..." అన్నాడు. తర్వాతి మాటలు గబగబా వచ్చాయి. ఇన్నాళ్ళూ ఊరిని మోసం చేశారన్నాడు. దొంగ ఇంట్లో ఊరి తాళంచెవుల అచ్చులున్నాయన్నాడు. చివరికి అసలు మాట అన్నాడు. "సినిమా ఉంచండి, తీసెయ్యండి, మీ ఇష్టం. ఆ పిల్లను మాత్రం మా పిల్లల పక్కన కూర్చోబెట్టడానికి వీల్లేదు."

టీచరమ్మ నోరు తెరవబోయింది. తాత చెయ్యెత్తాడు. ఆయన ఇంకా నిలబడే ఉన్నాడు.

నిజం చెప్పాలంటే, ఆ క్షణాన ఆయనకు మందుల షాపాయన మీద కోపం రాలేదు. ఆయన మనసంతా కోడలి మీద ఉంది. ఈ పిల్ల మాకొద్దు, మెతక, ఇల్లు మొయ్యలేదు అని పెళ్ళినాడు అన్నది తానే. ఆ మెతక మనిషి ఇప్పుడు హాలంతా వింటుండగా తల దించకుండా నిలబడింది. కొడుకు పుట్టినప్పుడు కూడా తాత ఛాతీ ఇంతగా పొంగలేదు.

"నా కోడలు చెప్పింది నిజం," అన్నాడు. "నా కొడుకు దొంగే. వాణ్ణి నేను క్షమించలేదు, క్షమించను కూడా. వాడి సంగతి అంతే. రేపు పొద్దున్న కొట్టు తెరుస్తాను. నమ్మకం లేనివాళ్ళు వచ్చి చెప్పండి. నా చేత్తో బిగించిన తాళం నా చేత్తోనే విప్పి ఇస్తాను. ఇక నా మనవరాలి విషయం. అది ఈ సినిమా చూస్తుంది. నా పక్కన కూర్చుని చూస్తుంది. ఏమడిగినా నేను చెబుతాను. నీ కొడుకు పక్కన ఎవరు కూర్చుంటారో అది చూసుకో ముందు."

మందుల షాపాయన కూర్చున్నాడు. ఆయన భార్య ఆయన చేతిలోంచి టార్చి తీసుకుని తన సంచిలో పడేసింది. కొడుకు పక్కన నేను కూర్చుంటాను అని టీచరమ్మతో చెప్పింది. మొగుడితో కాదు, టీచరమ్మతో.

అదే నియమం అయింది. సినిమా పిల్లలకు చూపిస్తారు. చెంచా ముక్క ఉండదు. ఇంటికొక పెద్ద తమ పిల్లల పక్కన కూర్చోవాలి. ములాఖత్ గది యథాతథంగా ఉంటుంది. అది అయ్యాక బొమ్మ ఆపి దీపాలు వేస్తారు. ఎవరింటి మాట వాళ్ళు మాట్లాడుకున్నాకే మళ్ళీ మొదలు.

బయటికొచ్చేసరికి ఎండ నెత్తిమీద ఉంది. ఊరి నోటికంటే ముందు ఇల్లు చేరాలని మామాకోడళ్ళిద్దరికీ తెలుసు. రోజూ ఆయన ముందూ ఆమె నాలుగడుగుల వెనకా నడుస్తారు. ఇవాళ పక్కపక్కనే నడిచారు. తోవలో ఒక్కసారి తాత అన్నాడు.

"నన్ను అడిగి లేవాల్సింది."

"అడిగితే లేవనిచ్చేవారా మామయ్యా?"

"లేవనిచ్చేవాణ్ణి కాదు."

"అందుకే అడగలేదు."

తాతకు నవ్వొచ్చినంత పనైంది. అలవాటు లేక ఆగిపోయింది.

బడికి సెలవు కాబట్టి కొట్టు మనవరాలికి అప్పగించి వచ్చారు. వెళ్ళేసరికి పిల్ల బల్ల దగ్గర నిలబడి ఉంది. బిగింపులో ఇత్తడి తాళంచెవి పెట్టి ఆకురాయి ఆడిస్తోంది. ముందుకు తోసేటప్పుడే బరువు, వెనక్కి లాగేటప్పుడు గాలిలో. తాత దగ్గరుండి నేర్పిన పని. కొడుక్కి అది పట్టుబడటానికి రెండేళ్ళు పట్టింది. ఈ పిల్లకు ఒక్క వేసవి చాలింది. అరుగుమీద కూర్చున్న దర్జీ ఆవిడ ఆ తాళంచెవి తీసుకుని, తాళంలో పెట్టి తిప్పి చూసి, పిల్ల చెయ్యి మంచిది అనుకుంటూ వెళ్ళిపోయింది. ఆవిడకింకా ఏ వార్తా అందలేదు.

తాత ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు. కోడలు గుమ్మంలో ఆగింది. ఇక్కడ నోరు విప్పాల్సింది ఆయనేనని ఆమె వదిలేసింది. ఆయన చుట్టూ తిప్పి చెప్పే మనిషి కాదు.

"మీ నాన్న ఓడలో లేడు," అన్నాడు.

పిల్ల ఇత్తడి పొడి ఊదింది. "తెలుసు తాతయ్యా."

"జైల్లో ఉన్నాడు."

"అదీ తెలుసు. మనం ఊరు మారిన రోజు మీరిద్దరూ నేను నిద్రపోయాననుకున్నారు."

కోడలు గుమ్మం పట్టుకుంది. మూడేళ్ళుగా ఆ పిల్ల వీళ్ళకోసం ఓడ కథ మోసింది. బడిలో మ్యాపు మీద సముద్రాలు చూపించింది. తుఫాను వార్తలొస్తే నాన్నకు భయమేస్తుందా అని అడిగింది. వీళ్ళు ఆ పిల్లను కాపాడుతున్నామనుకున్నారు. ఆ పిల్లే వీళ్ళను కాపాడుతోంది.

తాత మనవరాలి ముఖంలోకి చూశాడు. ఏడుపు లేదు, నింద లేదు. అంత బరువును ఇంత చిన్న భుజంమీద పెట్టుకుని ఒక్కసారైనా ఒరగని పిల్ల. ఎవరి రక్తం ఇది అనుకున్నాడు. గుమ్మంలో నిలబడిన మనిషిని చూశాక ఆ అనుమానం తీరింది.

"సినిమాకి నా పక్కన కూర్చుంటావా?" అన్నాడు.

"కూర్చుంటాను. నువ్వు మాత్రం నిద్రపోకూడదు. గురకపెడితే మా క్లాసు ముందు పరువు పోతుంది."

కోడలు నవ్వింది. ఆ కొట్టులో చాలాకాలానికి వినబడిన నవ్వు. ఇక్కడితో గండం గడిచిందనుకున్నాడు తాత. లేవబోయాడు.

"తాతయ్యా, ఒక్కటి మాత్రం నాకు తెలియలేదు," అంది పిల్ల. ఆకురాయిని బల్లమీద పెట్టింది. "నాన్న తాళం తీస్తే గీత పడదు. నువ్వే చెప్పేవాడివి. తీసినట్టే ఎవరికీ తెలియదు. మరి అది నాన్న పనేనని పోలీసులకు ఎవరు చెప్పారు?"

తాత మళ్ళీ పీటమీద కూలబడ్డాడు. ఏమడిగినా చెబుతానని గంట క్రితం ఊరందరి ముందూ అన్నాడు. పిల్ల ఆయన కళ్ళల్లోకే చూస్తోంది. చెప్పేద్దామనే నోరు తెరిచాడు.

"నేను," అంది గుమ్మంలోంచి కోడలు.

పిల్ల తలతిప్పి తల్లిని చూసింది. తాత కూడా చూశాడు. ఎలా తెలిసిందో, నన్ను కాపాడటానికి అబద్ధమాడుతోంది అనుకున్నాడు మొదట. పొద్దున అబద్ధం వద్దని హాలునంతా నిలదీసిన మనిషి మధ్యాహ్నానికి ఆడుతుందా? అప్పుడాయనకు ఇన్‌స్పెక్టరు ముఖం గుర్తొచ్చింది. ఇది మా ఇంటి చెయ్యి అని తాను గుండె రాయి చేసుకుని చెప్పిన ఆ పూట, ఇన్‌స్పెక్టరు ఉలిక్కిపడలేదు. ఎవరిదని అడగలేదు. రెండోసారి వింటున్నవాడిలా తల ఊపాడంతే.

కోడలు లోపలికొచ్చి కూతురి ఎదురుగా నిలబడింది.

"మీ తాతయ్య ఆ ఇనప్పెట్టె చూడ్డానికి వెళ్ళకముందే నేను స్టేషనుకు వెళ్ళాను," అంది. "మీ నాన్నే నన్ను పంపించాడు."